ఆక్షేపణ ఎవరికైనా ఉందా?

సభకు అధ్యక్షత వహిస్తున్న కౌన్సిల్ చైర్‌పర్సన్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, మా పార్టీ కార్యదర్శి గారికి, ఆయన పక్కనే కూర్చుని ఆయన ముఖం చూడకుండా జాగ్రత్తపడుతున్న అవతలి పార్టీ కార్యదర్శి గారికి, ముందు వరుసలో ఉన్న మా అత్తయ్యగారికి, వెనక వరుసల్లో దాక్కున్న బేకరీ బెంచీ సభ్యులందరికీ, తలుపు దగ్గర రొట్టెల ట్రే పట్టుకుని నిలబడి నా వైపు అదోలా చూస్తున్న మా ఆవిడకు నమస్కారం. ఎవరినైనా మరిచిపోతే మన్నించండి. కావాలని మరిచిపోవలసిన వాళ్లు ఈ హాల్లో ఎవరూ లేరు, ఒకరిద్దరు తప్ప. (నవ్వులు)

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న కౌన్సిలరు గారు నాకు స్వయానా మామగారు. కౌన్సిల్లో నేను పాలక పక్షం, ఆయన ప్రతిపక్షం. ఇంట్లో పాలక పక్షం ఎవరో మా అత్తయ్యగారు చెప్పాలి గానీ మా ఇద్దరిలో ఎవరూ కాదని మాత్రం నేను హామీ ఇవ్వగలను. (నవ్వులు) ఈ సన్మానంలో నన్ను మాట్లాడమన్నప్పుడు, 'ఆయన పార్టీ వాళ్లు ఉండగా నేనెందుకండీ' అని చైర్‌పర్సన్ గారిని అడిగాను. 'వాళ్లు పొగిడితే ఎవరూ వినరు. నువ్వు పొగిడితే నిజమేమో అనుకుంటారు' అన్నారావిడ. సరే, పొగడటానికే వచ్చాను. పొగుడుతాను. కానీ దానితోపాటు ఇంకో పని కూడా ఉంది నాకు, అది చివర్లో చెప్తాను. మా కార్యదర్శి గారూ, మీరు అప్పుడే గడియారం చూసుకోకండి.

మార్కెట్ వెనక సందులో మా మామగారి బేకరీ ఉంది. బేకరీ ముందు ఒక బెంచీ ఉంది. నేను పెళ్లిచూపులకు వెళ్లిన నాటికే ఆ బెంచీ మీద సాయంత్రం పూట పెద్ద సభ జరిగేది. మందుల షాపు ఆయన, స్కూలు వ్యాను నడిపే ఆయన, అప్పటికింకా రిటైరు కాని హెడ్మిస్ట్రెస్ గారు, ఇంకా కొందరు. అందరూ పద్ధతిగల మనుషులు. తమ ఇంటి ముందు తామే ఊడ్చుకునే వాళ్లు, పన్ను గడువు దాటనివ్వని వాళ్లు, ఉన్నదాన్ని పదిలంగా కాపాడుకుని పిల్లలకు అప్పజెప్పాలనుకునే వాళ్లు. మా పార్టీ కుర్రాళ్లు వాళ్లను పాతకాలం మనుషులనేవారు. వాళ్లకది తిట్టులా అనిపించేది కాదు, అదీ మా బాధ.

ఆ బెంచీ మీద కౌన్సిల్ చేసిన ప్రతి పనినీ చీల్చి చెండాడేవారు. మందుల షాపు ఆయన గొంతు విప్పితే సందు చివర దుకాణాల్లో బేరాలు ఆగిపోయేవి. కానీ సందు దాటి కౌన్సిల్ మెట్లెక్కిన వాడు ఒక్కడు లేడు. 'రాజకీయం మనకెందుకండీ, మర్యాదస్తులు చేసే పని కాదది' అనేవారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు చూడండి, మన వాళ్లు బెంచీ మీద పులులు. నవ్వకండి మందుల షాపు అన్నగారూ, మీ గురించే.

అప్పుడే నేను కొత్తగా కౌన్సిలరునయ్యాను. నాకు ఏది చూసినా మార్చెయ్యాలనిపించే వయసు. ఇప్పటికీ ఆ జబ్బు పూర్తిగా పోలేదనుకోండి, పోయిన నెల పడకగదిలో బీరువా జరిపి మా ఆవిడతో చీవాట్లు తిన్నాను. ఆ రోజుల్లో మార్కెట్ సందు చివర ఒక పాత పఠనాలయం ఉండేది. చిన్నది, ఉక్కగా ఉండేది, వానొస్తే పత్రికలు తడిసేవి. దాన్ని పెద్ద రోడ్డుకు ఇవతల కొత్త భవనంలోకి మార్చాలని నేను తీర్మానం పెట్టాను. ఆ కొత్త భవనమే ఇది. మీరంతా ఇప్పుడు కూర్చున్న ఈ హాలు. గాలీ వెలుతురూ బాగున్నాయి కదా? నేను చేసింది మంచి పనే అని ఇప్పటికీ అంటాను.

మార్చే ముందు ప్రజల అభిప్రాయం వినాలి, అది నియమం. ఫలానా సాయంత్రం కౌన్సిల్ హాల్లో బహిరంగ విచారణ ఉంది, రండి అని ఊరంతా నోటీసులు అంటించాం. బేకరీ గోడకు నేనే స్వయంగా అంటించాను. ఆ సాయంత్రం వచ్చింది. హాల్లో కుర్చీలు వేశాం, మంచినీళ్లు పెట్టాం. అప్పటి అధ్యక్షులు తీర్మానం చదివి, 'ఆక్షేపణ ఎవరికైనా ఉందా?' అని అడిగారు. ఎవరూ లేరు. మళ్లీ అడిగారు. నియమం ప్రకారం మూడోసారీ అడిగారు. పైన ఫ్యాను ఒక్కటే కిర్రు కిర్రుమని ఏదో చెప్పబోయింది గానీ దానికి ఓటు లేదు. (నవ్వులు) తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. కౌన్సిల్లో అర్ధం, పావు అనేవి లేవండీ, మౌనం అంటే నిండు అంగీకారమే.

గెలిచిన హుషారులో ఇంటికి వెళ్తూ రొట్టె కొందామని బేకరీ దగ్గర ఆగాను. ఆగితే ఏముంది, అక్కడ బ్రహ్మాండమైన సభ! ఊళ్లో ఆక్షేపణ ఉన్న ప్రతి మనిషీ అక్కడే ఉన్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు లేచి నిలబడి మాట్లాడుతున్నారు, వ్యాను ఆయన చప్పట్లు కొడుతున్నాడు. పఠనాలయం మార్చడాన్ని వాళ్లు కూడా ఏకగ్రీవంగా ఖండించారు. మేము హాల్లో వాళ్ల కోసం ఎదురుచూస్తున్న సమయంలోనే! వాళ్ల వెనక గోడ మీద నా నోటీసు అలాగే ఉంది.

'మామయ్యగారూ, ఇక్కడ అరిచేది అక్కడికొచ్చి చెప్పొచ్చు కదా, ఎందుకు రాలేదు?' అన్నాను.

'మమ్మల్నెవరు పిలిచారు?' అన్నారాయన, పిండి చేతులు తుడుచుకుంటూ.

'నోటీసు మీ గోడకే ఉంది కదండీ.'

'గోడకు అంటిస్తే గోడను పిలిచినట్టు. మనుషుల్ని పిలవాలంటే ఇంటికొచ్చి పిలవాలి. పిలవని పేరంటానికి వెళ్లే అలవాటు మా ఇంటా వంటా లేదు నాయనా.'

బెంచీ అంతా అవునంటే అవునంది. నేను తెల్లబోయాను. ఇలాంటి పొరపాటు అల్లరివాళ్లు చెయ్యరండీ, స్వార్థపరులు అసలే చెయ్యరు. మర్యాదస్తులు మాత్రమే చెయ్యగలరు. తమ ఊరి సభకు తామే అతిథులమనుకుని పిలుపు కోసం ఇంట్లో కూర్చున్నారు.

తర్వాత ఏమైందో ఇక్కడ చాలామందికి తెలియదు. పఠనాలయంలో ఒక పొడవాటి బల్ల ఉండేది. ఊరి వడ్రంగులు కలిసి ఆ గదిలోనే కూర్చుని చేసిన బల్ల. గదిలో పుట్టిన బల్ల కదా, సామాను తరలించే రోజు అది తలుపులోంచి పట్టలేదు. పనివాళ్లకు గడువు ఉంది, రంపం ఉంది. మధ్యకు కోసేశారు. మామయ్యగారికి కబురు తెలిసి పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి నేలంతా రంపపు పొట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అక్కడున్న మేస్త్రీ ఆయన్ని చూసి, 'కిటికీ చట్రం ఊడదీస్తే నిక్షేపంలా బయటికొచ్చేదండీ, కానీ కొయ్యొద్దని ఎవరూ చెప్పలేదు' అన్నాడట.

ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఆయనకు తగలవలసిన చోట తగిలింది. పఠనాలయం మార్చడం సరైన పనే, ఇప్పుడూ అంటాను. కానీ ఆ బల్ల తెగవలసిన అవసరం లేదు. అది నాకు తోచలేదు. తోచే మనిషి ఆ సాయంత్రం నాకెదురుగా లేడు, బెంచీ మీద ఉన్నాడు.

ఆ పై నెలలోనే ఆయన కౌన్సిల్ మెట్లెక్కారు. ముందు సందర్శకుల వరుసలో కూర్చున్నారు. తర్వాత ఎన్నికలొస్తే నిలబడ్డారు, మా పార్టీ మీదే. మా ఇంట్లో ఆ రోజుల్లో వాతావరణం ఎలా ఉండేదో అడక్కండి. అందరం ఉండేది ఒకే ఇంట్లో కదా, ప్రచారానికి పొద్దున ఒకే గుమ్మంలోంచి ఇద్దరం బయలుదేరి చెరో దిక్కుకు వెళ్లేవాళ్లం. అప్పుడు అత్తయ్యగారు ఒక శాసనం చేశారు. భోజనాల బల్ల దగ్గర ఉప్పూ కారం గురించి తప్ప ఇంక దేని గురించీ విమర్శ ఉండకూడదని. ఇన్నేళ్లలో ఆ శాసనానికి ఒక్క సవరణ కూడా రాలేదు. కౌన్సిల్ సిగ్గుపడాలి.

గెలిచి వచ్చిన మొదటి రోజు ఆయన చేసిన ప్రసంగం నాకింకా గుర్తుంది. చాలా చిన్నది. 'నేను రొట్టెలు చేసేవాణ్ణి. రోజూ కొత్త రొట్టే చేస్తాను, నిన్నటిది అమ్మను. కానీ నిన్నటి పిండి కాస్త దాచి ఇవాళ్టి పిండిలో కలుపుతాను. అది లేకపోతే పొంగదు. మీరు కొత్త రొట్టె చెయ్యండి, నేను వద్దనను. నిన్నటి ముద్ద మాత్రం పారేయకండి' అన్నారు. మా వైపు నుంచి ఒకాయన లేచి, 'అధ్యక్షా, సభ్యులు తమ వ్యాపారానికి ప్రచారం చేసుకుంటున్నారు' అన్నాడు. అన్నది నేనే లెండి. (నవ్వులు)

ఆ తర్వాత మా సుఖం పోయింది. అంతకుముందు తీర్మానాలు టీ చల్లారేలోపు నెగ్గేవి. ఈయన వచ్చాక ప్రతిదానికీ ఒకటే ప్రశ్న. ఆసుపత్రి రోడ్డులో పాత రేకుల షెడ్డు, బస్సు కోసం ఆగే చోటు, దాన్ని తీసేసి నడకదారి వెడల్పు చేద్దామన్నాం. 'తీసేస్తే ముందుగా ఎవరు తడుస్తారు?' అన్నారాయన. మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. కమిటీ మొత్తాన్ని తీసుకెళ్లి సాయంత్రం ఆ షెడ్డు కింద కూర్చోబెట్టారు. డ్యూటీ దిగిన నర్సులు, మోకాలికి కట్టుతో ఒక ముసలాయన, చంటిపిల్లతో ఒక తల్లి మా మధ్యలో ఇరుక్కుని కూర్చున్నారు. ఆ ముసలాయన నన్ను చూసి, 'కాస్త జరుగు బాబూ, నువ్వు కూడా ఆపరేషనుకే వచ్చావా?' అన్నాడు. చివరికి షెడ్డు ఉంది, నడకదారి దాని వెనక నుంచి వెళ్లింది. అది నా పథకం కంటే బాగుంది. ఆయన పథకం కంటే కూడా బాగుంది, ఎందుకంటే ఆయన అసలు ఏదీ కదపొద్దన్నారు. మేమిద్దరం కొట్టుకుంటేనే అది పుట్టింది.

అప్పట్నుంచి లైబ్రరీ రుసుమైనా, చెత్తబండి వేళలైనా, 'ముందుగా ఎవరు తడుస్తారు?' అనే అడిగేవారు. మా వాళ్లు చాటుగా ఆయనకు 'గొడుగాయన' అని పేరు పెట్టారు. అది ఆయన చెవిన పడింది. మర్నాడు నిజంగానే గొడుగు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

ఆయన ఎప్పుడూ ఒప్పే అని నేను చెప్పను. బేకరీ సందులోకి బస్సు వస్తుందంటే ఆయన చేసిన గొడవ అంతా ఇంతా కాదు. గోడలు బీటలు వారతాయన్నారు, ప్రశాంతత పోతుందన్నారు, ఓడిపోయారు. బస్సొచ్చింది. కొన్నాళ్లకు ఒక సమావేశంలో ఉన్నట్టుండి లేచి, 'బస్సు విషయంలో నేను పొరబడ్డాను. మా హెడ్మిస్ట్రెస్ గారు ఇప్పుడు దాని మీదే కళ్ల ఆసుపత్రికి వెళ్తున్నారు. మినిట్స్‌లో రాయండి' అన్నారు. 'అది అజెండాలో లేదండీ' అన్నాడు గుమాస్తా. 'అయితే అజెండాలో పెట్టి రాయండి' అన్నారు. మా పార్టీలో ఇంతమందిమి ఉన్నాం, ఇన్ని తప్పులు చేశాం, అలా అడిగి రాయించుకున్నవాడు ఒక్కడు లేడు. కార్యదర్శి గారూ, ఇది మాత్రం మీరు రాసుకోవచ్చు.

ఇంకొకటి చెప్పి తీరాలి. ఒకసారి కాలేజీ అమ్మాయి ఒకతె సైకిళ్లకు వేరే దారి కావాలని మాట్లాడటానికి వచ్చింది. మామయ్యగారి పార్టీ వాళ్లకు ఆ మాటలు నచ్చలేదు, బల్లలు చరిచి మైకు ఆపించబోయారు. ఈయన లేచి తన వాళ్ల మీదే కోప్పడ్డారు. 'ఆ అమ్మాయి చెప్పేదంతా తప్పే. కానీ తప్పు చెప్పడానికి ఆమెకింకా రెండు నిమిషాలున్నాయి. కూర్చోండి!' అన్నారు. ఆ రోజు నేను మా ఆవిడతో, 'మీ నాన్నగారు ఉన్నంతకాలం ఈ కౌన్సిల్‌కు భయం లేదు' అన్నాను. పద్ధతిని ప్రేమించే మనిషంటే ఎవరో అప్పుడు అర్థమైంది నాకు. ఆ పద్ధతి తన శత్రువుకు పనికొచ్చినప్పుడు కూడా కాపాడేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మామయ్యగారి మోకాళ్లు కౌన్సిల్ మెట్లను ఇక ఒప్పుకోవడం లేదు. ఆయన కుర్చీ ఖాళీ అవుతోంది. ఆ వార్డుకు నామినేషన్ల గడువు రేపు సాయంత్రంతో అయిపోతుంది. మా పార్టీ అభ్యర్థి వేశాడు. అవతలి వైపు నుంచి ఎవరూ వేయలేదు. మా ఆఫీసులో అప్పుడే మిఠాయిలు పంచుకుంటున్నారు, ఏకగ్రీవం అని. నాకు మాత్రం ఆ మాట వింటే పాత ఫ్యాను చప్పుడు వినబడుతోంది.

పోయిన వారం బెంచీ మీద అందరినీ అడిగాను. మందుల షాపు అన్నగారు, 'నాకు బీపీ ఉంది తమ్ముడూ' అన్నారు. వ్యాను ఆయన, 'మాకెందుకండీ ఆ బురద' అన్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు, 'నా వయసు చూసే అడుగుతున్నావా?' అని చెవి మెలిపెట్టబోయారు. ఇంటికెళ్లి పిండి కలుపుతున్న మా ఆవిడ దగ్గర కూర్చుని ఈ పేర్లన్నీ ఏకరువు పెట్టాను. అంతా విని, 'ఇంకెవరూ లేరా?' అంది. 'లేరు' అన్నాను. పిండి ముద్దను బల్ల మీద ఒక్క బాదు బాదింది. పాపం, బెంచీ వాళ్ల మీద కోపం అనుకున్నాను.

అయ్యా, రాజకీయం బురదే. కాదని నేను చెప్పను, మోకాలి దాకా దిగినవాణ్ణి. కానీ మీరు గట్టు మీద బట్టలెత్తి పట్టుకుని నిలబడితే బురద ఎండదు. దిగినవాళ్లకు అదే అలవాటవుతుంది, అంతే. నాలాంటి వాళ్లు ఊరికి అవసరం. లేకపోతే ఆ సందులోకి బస్సు ఇప్పటికీ వచ్చేది కాదు. కానీ కౌన్సిల్ నిండా నాలాంటి వాళ్లే ఉంటే, తలుపు పట్టని ప్రతి బల్లనూ కోసుకుంటూ పోతాం. చెడ్డవాళ్లమై కాదు, చెప్పేవాళ్లు లేక. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు. మీరు ఇళ్లల్లో ఎంత పద్ధతిగా ఉన్నా, ఆ పద్ధతి కౌన్సిల్‌కు దానంతటదే నడిచి రాదు, ఎవరో ఒకరు మోసుకురావాలి.

ఆ కోసిన బల్ల ఏమైందో చెప్పలేదు కదూ. మామయ్యగారు పాత సామానుల వాడి దగ్గర నుంచి రెండు సగాలూ తెచ్చి, కాళ్లు బిగించి, ఒక సగాన్ని ఈ లైబ్రరీకే తిరిగి ఇచ్చారు. ఈ వేదిక మీద గుడ్డ కప్పి, పూలగుత్తి పెట్టింది దాని మీదే. రెండో సగం మా భోజనాల బల్ల. ఇన్నేళ్లుగా నేను రోజూ దాని మీదే తింటున్నాను. కోసిన అంచు నా వైపే ఉంటుంది. ఒక్కనాడు, ఒక్క మాట, ఆయన నన్ను అనలేదు.

మామయ్యగారూ, మీరు నాకు ఎదురుగా కూర్చోకపోతే నేను ఇంతకంటే చాలా అన్యాయమైన కౌన్సిలరును అయ్యేవాణ్ణి. మీ ఎదుటే, ఇంతమందిలో ఈ మాట చెప్పాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. బల్ల దగ్గర చెప్పడానికి అత్తయ్యగారి శాసనం అడ్డొచ్చింది.

బెంచీ వాళ్లకు చివరి మాట. పిలవని పేరంటానికి రామన్నారు కదా. నేను గోడకు అంటించడం లేదు. చేతులు జోడించి, మనుషుల్నే పిలుస్తున్నాను. రండి, మా మీద పోటీ చెయ్యండి. ఇక పిలవలేదనే మాట చెల్లదు. చైర్‌పర్సన్ గారు అనుమతిస్తే ఒక తీర్మానం చదువుతాను. ఈ ఊరి కౌన్సిల్లో మామయ్యగారి కుర్చీ ఇకమీదట ఖాళీగా ఉండాలని తీర్మానం. ఆక్షేపణ ఎవరికైనా ఉందా?

(నిశ్శబ్దం)

రెండోసారి అడుగుతున్నాను. ఆక్షేపణ ఎవరికైనా ఉందా? మందుల షాపు అన్నగారూ, నేల మీద ఏం వెతుకుతున్నారు?

మూడోసారి, ఆఖరిసారి...

('నాకుంది' అని తలుపు దగ్గర నుంచి ఒక గొంతు. అందరూ వెనక్కి తిరిగారు.)

ఎవరండీ? కాస్త గట్టిగా...

నువ్వా?

(నవ్వులు, చప్పట్లు. 'ఊరందరినీ అడిగారు. ఇంట్లో నన్నడిగారా? పిలిచారు కాబట్టి వస్తున్నాను' అని మళ్లీ అదే గొంతు.)

ఆ పిండి ముద్దను ఎందుకు బాదిందో ఇప్పుడర్థమైంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానండీ నేను. కార్యదర్శి గారూ, అలా చూడకండి, మన అభ్యర్థి తరఫున నేను ప్రచారం చేస్తాను, మాటంటే మాటే. మధ్యాహ్నం భోజనం ఎక్కడో మాత్రం పార్టీ చూసుకోవాలి. అత్తయ్యగారూ, మీ శాసనం ఇంకో తరానికి పొడిగించక తప్పదు.

మామయ్యగారూ, మీరేమిటి, కళ్లు తుడుచుకుంటున్నారు? గొడుగు ఇంట్లోనే ఉంది కదా, రేపు ఆమె చేతికివ్వండి.

ఓపిగ్గా విన్న మీ అందరికీ, మాట్లాడనిచ్చిన అధ్యక్షుల వారికీ, అడ్డుపడినందుకు మా ఆవిడకూ కృతజ్ఞతలు. నాకింక ఇంటికెళ్లి చెయ్యవలసిన వాదన చాలా ఉంది. సెలవు.